శంషాబాద్ ఆకాశానికి ఏ లెన్స్?

విశాలమైన ఆకాశాన్ని ఫొటో తీసే లెన్సుకు ఫోకల్ లెంగ్త్ ఎంత ముఖ్యమో కాంతి చొరబడే రంధ్రం (అపర్చర్) వ్యాసమూ అంతే ముఖ్యం. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ వ్యాసం తెలుస్తుంది. 14 మి.మీ. ఎఫ్/2.8 లెన్సులో అది 5 మి.మీ. మాత్రమే, 50 మి.మీ. ఎఫ్/2లో 25 మి.మీ. అంటే ఒకే సమయంలో ఒక్కో నక్షత్రం నుంచి రెండోది 25 రెట్లు కాంతి పోగుచేస్తుంది. ట్రైపాడ్ మీద నక్షత్రాలు గీతలుగా సాగకుండా ఎంతసేపు తీయవచ్చో తెలియడానికి 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించడం పాత పద్ధతి. ఆ లెక్కన 14కు 35 సెకన్లు, 50కి 10 సెకన్లే దొరుకుతాయి. అయినా రెండోదే ఏడు రెట్లు మెరుగు.

శంషాబాద్‌లో ఈ తేడా ఇంకా స్పష్టం. ఉత్తరాన హైదరాబాద్ మహానగరం. చుట్టూ 2008లో తెరిచిన విమానాశ్రయం, ఔటర్ రింగ్ రోడ్డు దీపాలు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అడ్డంగా 104 డిగ్రీలు చూసే 14 మి.మీ. లెన్సును ఎటు తిప్పినా ఆ వెలుగు కొంత చొరబడుతుంది. తూర్పు పడమరల నుంచి రన్‌వేకి దిగే విమానాల గీతలూ పడతాయి. 40 డిగ్రీలే చూసే 50 మి.మీ. లెన్సును దక్షిణానికి ఎత్తి పెడితే వీటిలో చాలావరకు బయటే ఉండిపోతాయి. 17 డిగ్రీల అక్షాంశం ఇక్కడివారి భాగ్యం: ధనూరాశిలోని పాలపుంత కేంద్రం దాదాపు 44 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లండన్‌లో అది 10 డిగ్రీలు కూడా దాటదు.

ఇంకా విశాలంగా కావాలంటే పక్కపక్క ఫ్రేములు తీసి అతకాలి. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ, బేగంపేటలో ఆకాశాన్ని ఫొటో తీసే 8 అంగుళాల కుక్ టెలిస్కోపు (ఆస్ట్రోగ్రాఫ్)తో ప్లేటుకు సుమారు 2 డిగ్రీల చొప్పున, కార్ట్ దు సియెల్ అనే అంతర్జాతీయ పథకంలో తన వంతు ఆకాశాన్ని ఓపికగా చిత్రించింది.

నక్షత్రాల కదలిక వెంటే కెమెరాను తిప్పే ట్రాకర్ ఉంటే ఎక్స్‌పోజర్ నిమిషాలకు పెరుగుతుంది. దాన్ని గురిపెట్టాల్సిన ధ్రువనక్షత్రం మాత్రం ఇక్కడ 17 డిగ్రీల ఎత్తునే, నగరపు వెలుగులోనే ఉంటుంది. ఉత్తరం వైపు చెట్లూ కట్టడాలూ అడ్డులేని చోటు వెతుక్కోక తప్పదు.

ఇక నాణ్యత. అపర్చర్ పూర్తిగా తెరిస్తే మూలల్లోని నక్షత్రాలు పక్షిరెక్కల్లా చీలతాయి; దీన్ని కోమా అంటారు. ఎఫ్/1.8 లెన్సును ఎఫ్/2.8కి మూస్తే చాలావరకు సర్దుకుంటుంది. ధర, బ్రాండు చూసే ముందు ఒక ప్రకాశమైన నక్షత్రాన్ని నాలుగు మూలల్లోనూ పెట్టి తీసి చూడాలి. ఒక మూల మిగతావాటి కంటే బాగా చెడితే లోపలి అద్దాలు ఒరిగాయని అర్థం. ఆ లెన్సు కొనకూడదు.