కర్మగణనము – సహచరరక్షణము: “ఫాలౌట్: న్యూ వేగస్” పరిశీలనము

విమర్శకు కావ్యమొక్కటియే వస్తువను నియమము మన శాఖలలో చిరకాలము నిలిచినది. ఒగ్గుకథను, తోలుబొమ్మలాటను పరిశోధనార్హములుగా గ్రహించుటకే కొంతకాలము పట్టినది. కథను చదువుటయేగాక ఆడుటయు నెరిగిన విద్యార్థులు నేడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి మన తరగతులకు వచ్చుచున్నారు. వారాడు వీడియో గేములలో ధర్మవిచారము గలదా, ఉన్నచో నది యెట్టిది యను ప్రశ్నను సాహిత్యవిద్యార్థి తప్పించుకొనజాలడు. “కర్మ” యను మన మాటనే యొక క్రీడ తన కొలమానమునకు పేరుగా గ్రహించినప్పుడు ఈ పరిశీలనము మరింత యావశ్యకము.

2010లో వెలువడిన “ఫాలౌట్: న్యూ వేగస్” అట్టి క్రీడ. అబ్సిడియన్ సంస్థ దీనిని నిర్మింపగా బెథెస్డా ప్రకటించినది. 2077లో అణుయుద్ధమున లోకము శిథిలమైనదనియు, 2281లో మొజావీ యెడారిలో కథ నడచుచున్నదనియు కల్పన. నాయకుడొక వార్తాహరుడు. తుపాకిదెబ్బ తిని, గోతిలో పూడ్చబడి, బ్రతికి బయటపడును. అటుపై నతడు ఏ దిక్కునకైనను పోవచ్చును, ఏ పక్షమునైనను చేరవచ్చును, ఎవరి కార్యమునైనను తలకెత్తుకొనవచ్చును. ఈ స్వేచ్ఛయే యిట్టి క్రీడలకు ప్రాణము. ఇందొక లోపమును గలదు: ప్రధానకార్యము నాయకుడు తీరికచేసికొని వచ్చువరకు కదలక వేచియుండును. కాలము మించిపోవునను భయము లేనిచోట కర్తవ్యమునకు బరువు తగ్గును.

ఇక కర్మ. దొంగిలించినచో, ఎవ్వరును చూడకున్నను, కర్మ తగ్గును. దారిదోపిడిగాండ్రను చంపినచో పెరుగును. కావున ఒక యింటిని దోచినవాడు కొందరు దుష్టులను కూల్చి తిరిగి పుణ్యాత్ముడు కాగలడు. దోచబడిన యింటివాని దుఃఖము ఈ లెక్కలో నెక్కడను చేరదు. భారతమున ధర్మరాజు ద్రోణుని విషయమున నాడిన కపటవాక్యమునకు నరకదర్శనము చేయవలసివచ్చెను. అతని పుణ్యరాశి దానిని కొట్టివేయలేదు. జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున ముగ్ధభక్తుల కథలు చెప్పినాడు. వారిలో రుద్రపశుపతి, శివుడు విషము త్రాగెనను పురాణమును విని, అది యప్పుడే జరిగినట్లు తల్లడిల్లి, స్వామి దానిని క్రక్కనిచో ప్రాణములు విడుతునని నీట దిగును. ఆ భక్తునికి లెక్క తెలియదు. లెక్క చూచుకొని చేసిన సుకృతము వర్తకమునకే దగ్గర.

క్రీడాకర్తలు ఈ లోపము నెరుగనివారు కారు. వారి ప్రతిభ సహచరుల పాత్రలలో వెల్లడియగును. కాస్ అను వర్తకురాలు నాయకుని కర్మ చెడినచో హెచ్చరించి, తుదకు విడిచిపోవును. బూన్ అను సైనికుడు, బానిసగా అమ్ముడుపోవుచున్న భార్యను విడిపింపజాలక, దూరమునుండి తానే కాల్చిచంపినవాడు. బిటర్ స్ప్రింగ్స్ వద్ద జరిగిన నిరపరాధుల వధలో పాల్గొన్నవాడు. ఆ పాపము తన్ను వెదకికొని వచ్చితీరునని యతని విశ్వాసము. దానికి కొలబద్ద లేదు. ఈ క్రీడలో మనము నిస్సంశయముగా కర్మయని పిలువదగినది ఇదియే.

సాధారణపద్ధతిలో సహచరులు పోరున మూర్ఛిల్లి, పోరు ముగియగనే లేతురు. “హార్డ్‌కోర్” పద్ధతిలో నాయకునికి ఆకలిదప్పులు, నిద్ర తప్పవు. పడిన సహచరుడు మరల లేవడు. మొదటిదానిలో సహచరుడు ఆయుధము, రెండవదానిలో ప్రాణి. అయినను భద్రపరచిన స్థితికి మరలిపోవు సౌకర్యముచే ఆ మృత్యువును రద్దు చేయవచ్చును.

యక్షప్రశ్నలలో మృతులు బ్రతుకలేదా యని యాక్షేపింపవచ్చును. బ్రతికిరి. కాని ఎఱ్ఱన పూరించిన ఆ యరణ్యపర్వభాగమున ధర్మరాజు, ఒక్కనినే కోరుకొనుమనగా, భీమార్జునులను విడిచి నకులుని కోరెను. కుంతికి తానుండగా మాద్రికిని ఒక కొడుకుండవలెనని యతని న్యాయము. యుద్ధము ముందున్నవాడు అక్కరకు వచ్చువానిని గాక న్యాయమునకు తగినవానిని కోరెను. క్రీడలో బలమునుబట్టి సహచరుని నెన్నుకొనువాడు భీమునే కోరును. మహాప్రస్థానమున శునకమును విడిచి స్వర్గమున కేగనొల్లని ఘట్టమును ఇట్టిదే. న్యూ వేగస్‌లోను రెక్స్ అను యంత్రశునకము గలదు. దానిని స్వస్థపరచుటకు వేరొక కుక్క మెదడు తేవలెను. ఒక ప్రాణము నిలుపుటకు మూల్య మెవరు చెల్లింతురను ప్రశ్న నిచట క్రీడ సూటిగా వేసినది, ఇది ప్రశంసనీయము.

మన ప్రాంతపు జనశ్రుతి యీ విషయమున స్పష్టముగా మాటాడును. మహబూబాబాదు జిల్లా పూనుగొండ్లనుండి పగిడిద్దరాజును మేడారమునకు కాలినడకన తెత్తురు. 2016 నుండి 2019 వరకు భూపాలపల్లి జిల్లాలోనుండి నేడు ములుగు జిల్లాలోనున్న ఆ మేడారమున, కాకతీయసేనతో పోరాడి జంపన్న సంపెంగవాగున ప్రాణము విడిచెననియు, అదియే జంపన్నవాగైనదనియు చెప్పుకొందురు. రెండేండ్లకొకసారి జనులు ఆ నీట మునుగుదురు. పడినవారిని వెనుకకు తెచ్చు నుపాయము లేకుండుటచేతనే ఆ స్మృతి నిలిచినది.

కావున ఇట్టి క్రీడలను విమర్శించునప్పుడు పుణ్యపాపముల సంఖ్యను గాక రెండు విషయములను చూడవలెను: నాయకుడు తనకు పనికిరానివానిని కాపాడుట కవకాశము గలదా? కాపాడలేకపోయినచో ఆ లోటు కథయందు నిలుచునా? న్యూ వేగస్ మొదటిదానికి తృప్తికరముగనే సమాధానము చెప్పినది. రెండవదానికి “హార్డ్‌కోర్” పద్ధతిలో సగము సమాధానము చెప్పి, మిగిలిన సగమును ఆడువాని మనస్సాక్షికి విడిచినది. ఆ సగమును పూరించు క్రీడ తెలుగుకథనుండి పుట్టుటకు కావలసిన సామగ్రి పాలకుర్తినుండి మేడారమువరకు మన యెదుటనే యున్నది.