ఎవరెరుగుదురు?

సాహిత్యమున వ్యంగ్యమెన్ని విధములని యడిగిన విద్యార్థికి మన విమర్శగ్రంథములు పాశ్చాత్యుల ననుసరించి మూడు గదులు చూపును: మాటలోని వ్యంగ్యము, సంఘటనలోని వ్యంగ్యము, నాటకీయ వ్యంగ్యము. ఈ విభాగము తప్పని నేననను. కాని చిరకాలముగా కథలను, నాటకములను చదువుటయు, చదివించుటయు వృత్తిగా గలవాడనగుటచే, పేరు పెట్టుటకు ముందు ఒక ప్రశ్న వేసికొనుట నాకలవాటైనది. ఈ ఘట్టమున సత్యమెవరెరుగుదురు, ఎవరెరుగరు?

మాటలోని వ్యంగ్యమును మన యాలంకారికులు వ్యాజస్తుతియని యెన్నడో గుర్తించిరి. పొగడ్త వేషమున వచ్చు నిందయందు పలికినవానికిని, చమత్కారమెరిగిన శ్రోతకును సత్యము తెలిసియే యుండును. అత్తాకోడండ్రున్న ప్రతి యింటను దీనికుదాహరణములు దొరకును గనుక విస్తరింపను.

నన్ను విడువక పట్టుకొన్నది విరాటపర్వము. గోగ్రహణవార్త విని ఉత్తరుడు అంతఃపురస్త్రీల నడుమ, సారథియొక్కడు దొరకినచో తన పరాక్రమము జూచి కౌరవులు ‘వీడు అర్జునుడు కాడుగదా’ యని బెదరుదురని బీరములు పలుకును. ఆ యర్జునుడు బృహన్నలయై ఆ యంతఃపురముననే నాట్యము నేర్పుచున్నాడు. ఇది నాటకీయ వ్యంగ్యము, సులభముగా నవ్వు పుట్టించును. తరువాతి ఘట్టమంత సులభమైనది కాదు. కొడుకు గెలిచెనని పొంగిపోవుచు జూదమాడు విరాటరాజుతో, ఎదుట కంకుభట్టు వేషమున కూర్చున్న ధర్మరాజు, బృహన్నల సారథియైన రథమునకు గెలుపేమి వింతయని మరల మరల ననును. పేడిని తన కుమారునకు సాటి చేసెనని కోపించి రాజు పాచికతో మొగమున గొట్టును. ముక్కునుండి కారు నెత్తురు నేల రాలకుండ, సైరంధ్రి వేషమున నున్న ధర్మరాజు భార్య పట్టును. ధర్మరాజు పలికిన దానిలో వ్యాజమే లేదు, అక్షరాల సత్యము. వినువాని యజ్ఞానమే దానిని ఎత్తిపొడుపుగా మార్చినది. పైగా, యుద్ధమున దక్క అన్నగారి నెత్తురు కండ్లజూపినవానిని అర్జునుడు బ్రతుకనీయడు గనుక, దెబ్బతిన్నవాడే ద్వారపాలకుని చెవిలో, బృహన్నలను లోనికి రానీయకుమని చెప్పి, కొట్టినవాని ప్రాణము కాపాడును. ఆ రాజునకిదేమియు దెలియదు. పై మూడు గదులలో దీనిని దేనిలో నుంచవలెనో నాకిప్పటికిని తోచదు.

సంఘటనలోని వ్యంగ్యమునకు, 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చై, 1909లో విస్తరించి కొత్తరూపు దాల్చిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ను మించినది నేనెరుగను. లుబ్ధావధాన్లు రూకలు పోసి కొన్న పెండ్లికూతురు ఆడువేషము వేసిన కరటకశాస్త్రి శిష్యుడని మనమెరుగుదుము, ఆ వృద్ధవరుడెరుగడు, అంతవరకు నవ్వుదుము. కాని వేషము విప్పి ఆ పిల్లవాడు మాయమైన పిమ్మట, పుట్టనే పుట్టని యాడుపిల్లను చంపెనని అవధాన్లపై నేరము మోపబడుటతో నాటకము వేరొక త్రోవ బట్టును. ఆ చిక్కు విడదీయబూనిన సౌజన్యారావు పంతులు వేశ్యలతో పొత్తు కూడదని వ్రతము పట్టిన సజ్జనుడు; ఆ పెండ్లికూతురి గుట్టును, సంస్కర్తయని తాను నమ్మిన గిరీశము నిజస్వరూపమును ఆయనకు దెలిపినది, మగవేషమున ఆయన యింట నడుగుపెట్టిన వేశ్య మధురవాణి. పంతులుగారి వ్రతము మంచిదే. అదే నెగ్గియుండినచో, అవధాన్లు లేని పిల్లను చంపినందులకు శిక్షననుభవించును, గిరీశము సంస్కారము పేర వితంతువైన బుచ్చమ్మను పెండ్లాడి, పంతులుగారి యాశీర్వచనముతోడనే కాపురము పెట్టును.