విప్పడం మనది, కోయడం మేస్త్రీది

పాత అంబాసిడర్‌నో, ఫియట్‌నో మళ్లీ రోడ్డెక్కించాలనుకున్న ప్రతి ఒక్కరికీ మొదట ఎదురయ్యే ప్రశ్న ఒకటే. మనమే చేసుకోవాలా, పనివాళ్లకు అప్పగించాలా? సొంతంగా చేసుకుంటే డబ్బు మిగులుతుందని కొందరంటారు. చేతకాని పనిలో వేలు పెడితే ఉన్నది కూడా పోతుందని ఇంకొందరంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ డబ్బును బట్టో, తీరికను బట్టో తేల్చుకోవాల్సిన విషయం కాదిది. పని స్వభావాన్ని బట్టి తేల్చుకోవాలి. తప్పు జరిగినా మళ్లీ సరిదిద్దుకోగలిగిన పనిని యజమాని చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేని పనిని, ప్రాణాలతో ముడిపడిన పనిని చెయ్యి తిరిగిన మేస్త్రీకే ఇవ్వాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే కారూ నిలుస్తుంది, దాన్ని ఇన్నాళ్లు నిలబెట్టిన విద్యా నిలుస్తుంది.

అవసరం నేర్పిన విద్య

మన దేశంలో పాత కార్లను బాగుచేసే నేర్పు సరదా కొద్దీ పుట్టలేదు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో, వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లో మొదలయ్యాయి. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా 1950ల చివర్లో అంబాసిడర్ వచ్చింది. ఇటలీ ఫియట్ 1100ను బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసింది. అదే 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో తిరిగింది. మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ తయారయ్యేది. దిగుమతులపై గట్టి ఆంక్షలున్న ఆ రోజుల్లో, 1983లో మారుతి 800 వచ్చేదాకా, మామూలు కుటుంబాలకు దొరికిన కార్లు దాదాపు ఇవే. వాటికీ డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చేది.

కొత్తది దొరకనప్పుడు పాతదాన్ని పారేయరు. విడిభాగం దొరకనప్పుడు దాన్ని తయారుచేసుకుంటారు. నలిగిన మడ్‌గార్డును ఇసుక సంచి మీద పెట్టి సుత్తితో కొట్టి మళ్లీ వంపు తెచ్చిన టింకరింగ్ మేస్త్రీలు, అరిగిపోయిన బుష్షును చూసి లేత్ మీద కొత్తది తిప్పి ఇచ్చిన పనివాళ్లు ఆ కార్లకు రెండో జన్మ, మూడో జన్మ ఇచ్చారు. విజయవాడ ఆటోనగర్, మద్రాసు పుదుప్పేట, కలకత్తా మల్లిక్ బజార్ ఈ నేర్పు పెరిగిన చోట్లు. మేస్త్రీ పక్కన నిలబడి పానాలు అందిస్తూ, చూసి చూసి నేర్చుకున్న చదువది. ఇప్పటి కార్లలో భాగం పాడైతే విప్పి కొత్తది బిగించడమే ఎక్కువ. రేకును చేత్తో మలిచే పని అడిగేవాళ్లు తగ్గారు కాబట్టి నేర్చుకునేవాళ్లూ తగ్గారు. పాత కారును బాగుచేయించడానికి విలువ వచ్చేది ఇక్కడే. కారుతో పాటు ఒక చేతిపని కూడా బతుకుతుంది.

ముందు కాగితాలు, తర్వాత తుప్పు

పానా పట్టుకునే ముందు ఆర్‌సీ చూడాలి. అందులోని ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు బండి మీద ఉన్నవాటితో సరిపోవాలి. సొంత కార్లకు పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అది జరిగిందా, పాత అప్పు తాలూకు హైపోథికేషన్ కొట్టేశారా, యాజమాన్యం పేరు మారిందా అన్నవి తేలకుండా కొన్న కారు ఎంత అందంగా తయారైనా రోడ్డు మీదికి రాలేదు.

ఆ తర్వాత తుప్పు. పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ మీద జరుపుకుంటూ పోతే, అది పట్టుకోని చోట రంగు కింద ఉన్నది రేకు కాదని, మందంగా పూసిన పుట్టీ అని తెలిసిపోతుంది. తలుపుల కింద పొడవునా ఉండే సిల్లులు, కాళ్ల కింది ఫ్లోరు, డిక్కీ అడుగు, చక్రాల పై వంపులు, వెనక స్ప్రింగు కట్టలు బాడీకి తగులుకునే చోట్లు ముఖ్యంగా చూడాలి. జీపుకు విడిగా ఛాసిస్ ఉంటుంది. అంబాసిడర్‌కు అలా ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. కాబట్టి జీపు రేకు తుప్పు పడితే ఎక్కువగా చెడేది అందమే. అంబాసిడర్ సిల్లు తుప్పు పడితే బండి బలమే పోతుంది. కొనాలా వద్దా అన్నది ఇంజిన్ శబ్దం విని కాదు, సిల్లు తట్టి చూసి నిర్ణయించుకోవాలి.

యజమాని చేతి పని

విప్పడం యజమాని చేసుకోవాల్సిన మొదటి పని. దీనికి కావాల్సింది ఓపిక, క్రమం. విప్పే ప్రతి భాగానికీ ముందు నాలుగు వైపుల నుంచి ఫొటో తీయాలి. దాని నట్లు, బోల్టులు, వాషర్లు ఒక సంచిలో వేసి చీటీ కట్టాలి. అరిగిపోయిందని ఏ భాగాన్నీ అప్పుడే పారేయకూడదు. కొత్తది చేయించడానికి అదే నమూనా. అంబాసిడర్ బోల్టులు అంగుళాల కొలతవి, ఫియట్‌వి మిల్లీమీటర్లవి. సరిపోని పానాతో బలవంతం చేస్తే బోల్టు తల గుండ్రంగా అరిగిపోతుంది. తుప్పు పట్టిన బోల్టుకు నూనె పెట్టి ఒకరోజు వదిలేస్తే చాలాసార్లు దానంతటదే లొంగుతుంది.

ఏళ్లుగా కదలని ఇంజిన్‌ను బ్యాటరీ పెట్టి తిప్పడం పెద్ద తప్పు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పల్చటి నూనె పోసి, కొన్ని రోజులు నాననివ్వాలి. తర్వాత చేత్తో మెల్లగా తిప్పి చూడాలి. ట్యాంకులోని పాత పెట్రోలు, ఇంజిన్‌లోని పాత ఆయిల్ మార్చేదాకా స్టార్టర్ జోలికి పోకూడదు.

చిన్న ఇనుప భాగాల తుప్పు వదిలించడానికి ఇంట్లో చేసుకోదగ్గ మంచి పద్ధతి ఎలక్ట్రాలిసిస్. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, చాకలి సోడా కలిపి, బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్ తీగను పనికిరాని ఇనుప ముక్కకు తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తుప్పు వదులుతుంది, కింది మంచి లోహం అరగదు. ఇందులో హైడ్రోజన్ వెలువడుతుంది కాబట్టి ఆరుబయటే చేయాలి. ఇనుప ముక్క బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే నీళ్లలో విషపూరితమైన క్రోమియం చేరుతుంది. అది వాడనే కూడదు.

కార్బొరేటర్ శుభ్రం చేయడం, కాంటాక్ట్ పాయింట్ల సందును ఫీలర్ గేజ్‌తో సరిచేయడం, కొత్త వైర్లు వేయడం, సీట్లు విప్పి పంపడం, పాత రంగుకు మెరుగు పెట్టడం కూడా యజమాని నేర్చుకోదగ్గవే. ఇవన్నీ తప్పు పోతే మళ్లీ విప్పి చేసుకోవచ్చు. ఇంతకంటే పెద్ద లాభం ఒకటుంది. సొంత చేత్తో విప్పినవాడికి తన కారులో ఏది బాగుందో, ఏది పోయిందో తెలుస్తుంది. మేస్త్రీతో మాట్లాడేటప్పుడు ఆ తెలివిడే అక్కరకొస్తుంది.

మేస్త్రీకే ఇవ్వాల్సినవి

సిల్లు వెల్డింగు మొదటిది. తుప్పు పట్టిన సిల్లును అలాగే కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. తలుపులు ఇక సరిగా పడవు. అనుభవమున్న మేస్త్రీ ముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించి, బాడీని సమంగా నిలబెట్టి, ఒక్కో వైపు కొంచెం కొంచెం కోసి కొత్త రేకు అతుకుతాడు. పాత రేకు మీదే ముక్క వేసి పుట్టీ పూసేవాడు మేస్త్రీ కాదు. ఆ సందులో నీరు నిలిచి తుప్పు రెట్టింపవుతుంది.

ఇంజిన్ బోరింగు రెండోది. అంబాసిడర్‌లో ఎక్కువ కాలం నడిచింది 1489 సీసీ ఇంజిన్. సిలిండరు అరిగితే లోపలి గోడను కొద్దిగా చెక్కి పెద్ద పిస్టన్ వేస్తారు. ఈ కొలత అంగుళంలో వెయ్యో వంతుల్లో ఉంటుంది, షెడ్డుల్లో దాన్నే థౌ అంటారు. 20 థౌ, 40 థౌ అంటూ పెరిగే కొద్దీ గోడ పల్చబడుతుంది. ఆ తర్వాత స్లీవు వేయించాల్సిందే. చెక్కిన లోహం తిరిగి రాదు. కాబట్టి బోరు గేజ్‌తో కొలిచి చూపించకుండా బోరింగు చేద్దామనే చోట బండి ఇవ్వకండి. రింగులు మారిస్తే సరిపోయే ఇంజిన్లు ఎన్నో అనవసరంగా బోరింగుకు వెళ్తుంటాయి.

బ్రేకులు మూడోది. పాత కార్లలో బ్రేకు ఆయిల్ దారి ఒక్కటే ఉంటుంది. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. మాస్టర్ సిలిండరు, వీల్ సిలిండర్లు, పైపులు, రబ్బర్లు మొత్తం తెలిసినవారి చేత చూపించుకోవాలి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్మును గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి.

రంగు, క్రోమ్ పూత తర్వాతివి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కాబట్టి పొడిగా గీకకుండా నీటి కాగితంతో తడిపి రుద్దాలి. ఇప్పుడు వాడే రెండు భాగాల పాలీయురేథేన్ రంగుల్లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు లేకుండా ఇంటి షెడ్డులో వాటిని స్ప్రే చేయడం ప్రమాదం. రాగి, నికెల్, క్రోమియం వరుసగా ఎక్కించే బంపర్ పూత కూడా ఇంట్లో చేయదగ్గది కాదు.

ఇప్పటి పెట్రోలుతో చిక్కు

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పూర్తిగా ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాల్వు కూర్చునే చోటును అరగకుండా కాపాడేది. కాబట్టి హెడ్ విప్పిన రోజునే గట్టి వాల్వు సీట్లు వేయించుకోవడం మంచిది. ఇప్పుడు వస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంది. అది పాత రబ్బరు గొట్టాలను, ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుని ట్యాంకుకు తుప్పు తెస్తుంది. గొట్టాలు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేసుకోవాలి. బండిని నెలల తరబడి నిలిపేటప్పుడు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేయాలి. ఇంటికి వచ్చిన కారు మళ్లీ షెడ్డుకు పోకుండా ఉండేది ఈ జాగ్రత్తల వల్లే.

ఎంత కొత్తగా చేయాలి?

అంబాసిడర్ ఆకారం 2014లో తయారీ ఆగేదాకా పెద్దగా మారలేదు. అందువల్ల భాగాలు దొరుకుతాయి. అదే పెద్ద ఉచ్చు కూడా. 1960ల కారుకు 1990ల గ్రిల్లు, సీట్లు, లైట్లు బిగిస్తే కారు నడుస్తుంది గానీ దాని కాలం పోతుంది. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఆమోదించిన టురిన్ చార్టర్ కూడా ఇదే చెబుతుంది. ఉన్నదాన్ని కాపాడటం ముందు, మార్చడం చివర. మార్చిన ప్రతిదాన్నీ రాసిపెట్టుకోవాలి.

మన చట్టం ఆలోచనా ఇదే. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా రిజిస్టర్ చేసుకోవచ్చు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. అలాంటి బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకెళ్లవచ్చు గానీ రోజువారీగా తిప్పకూడదు. ముఖ్యమైన షరతు ఏమిటంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. 1974లో వచ్చిన తొలి పద్మినీలు ఇప్పటికే ఆ వయసు దాటాయి. ఇష్టమొచ్చినట్టు మార్చేసిన కారు ఈ గుర్తింపును పోగొట్టుకుంటుంది.

చౌమహల్లా ప్యాలెస్‌లోని నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ లాంటి వాటి సంగతి వేరు. అలాంటి కారులో ఒక మర కూడా నిపుణులు తప్ప మరొకరు ముట్టుకోకూడదు. కానీ వేల సంఖ్యలో తిరిగిన అంబాసిడర్‌నూ, ఫియట్‌నూ ముట్టుకునే హక్కు, నేర్చుకునే అవకాశం మనకుంది.

షెడ్డుకు ఇచ్చేటప్పుడు

మేస్త్రీకి అప్పగించే ముందు ఏ పని ఎప్పుడు, ఎంతకు అన్నది కాగితం మీద రాసుకోండి. మొత్తం ఒకేసారి ఇవ్వకుండా పని దశల వారీగా చెల్లించండి. పాత భాగాలన్నీ తిరిగి ఇవ్వాలని ముందే చెప్పండి. వారానికోసారి వెళ్లి చూడండి, ఫొటోలు తీసుకోండి. రంగు వేయకముందు రేకును కళ్లారా చూడండి. రంగు పడ్డాక కింద ఏముందో ఎవరూ చెప్పలేరు. ఇక ఖర్చు విషయంలో ఎవరి మాటా నమ్మకండి. విప్పేదాకా లెక్క తేలదు. పెట్టిన డబ్బు అమ్మితే తిరిగి వస్తుందనే ఆశతో ఈ పనికి దిగకండి, చాలాసార్లు రాదు.

ఆ లెక్క తెలిసి కూడా దిగేవాళ్లకు ఒక్క విన్నపం. వీలైనంత మీ చేత్తో విప్పండి, శుభ్రం చేయండి, బిగించండి. కోసే పని, చెక్కే పని, బ్రేకు పని మాత్రం మీ ఊళ్లో మిగిలిన పాత మేస్త్రీని వెతికి ఆయనకు ఇవ్వండి. బేరం తగ్గించి అడగకండి, తగిన కూలి ఇవ్వండి. పక్కన ఒక కుర్రాడికి ఆ పని నేర్పమని కూడా అడగండి. పాత కార్లకు విడిభాగాలు ఎప్పటికైనా చేయించుకోవచ్చు, వాటిని చేసే చేతులే లేకపోతే ఏమీ చేయలేం.