ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు: పాడించువాని పక్షమున ఒక పరిశీలన

గ్రంథముల గుణదోషములను చదువరి దృష్టితో విచారించుట లోకమున వాడుక. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమును మాత్రము పాడించువాని దృష్టితో విచారింపవలయునని మా అభిప్రాయము. ఏలయన అది ఏకాంత పఠనమునకై పుట్టినది కాదు. ఆదివారమున సంఘము ముందు నిలిచి, పల్లవి నెత్తుకొని, నూరు కంఠములను ఒక్క తాళమున నడిపింపవలసినవానికి అది పనిముట్టు. ఆ పనిముట్టు నేడు మావంటి ప్రవాసాంధ్రులకు ఎంతవరకు అక్కరకు వచ్చుచున్నదో చూతము.

1953లో తుంగభద్ర ఆనకట్ట సిద్ధమై, ఎడమ కాలువ నీరు సింధనూరు ప్రాంతపు నల్లరేగడి నేలలకు అందిన పిమ్మట, కోస్తా జిల్లాల కుటుంబములు అనేకము వచ్చి ఇచట క్యాంపులు కట్టుకొనినవి. వానిలో క్రైస్తవ కుటుంబములు బైబిలుతోపాటు కీర్తనల పుస్తకమును కూడ తెచ్చుకొనినవి. 1956 నవంబరు 1వ తేదీన రాయచూరు జిల్లా నాటి మైసూరు రాష్ట్రమున, అనగా నేటి కర్ణాటకమున, చేరినది. మొదటి తరమువారు తెలుగు బడిలో చదివినవారు. పుస్తకము తెరువకయే పాడగలవారు. మూడవ తరపు బాలురు ఇంట తెలుగు మాటాడుదురు, బడిలో కన్నడము చదువుదురు. వారిలో పలువురికి మాట మనదే కాని అక్షరము మనది కాదు. ఆరాధన నడుపు బాధ్యత ఇపుడు వారి చేతికి వచ్చుచున్నది.

ముందు గుణమును చెప్పుదము. ఈ గ్రంథమునకు మూలస్తంభము పురుషోత్తమ చౌదరిగారు. ఆయన 1803లో పర్లాకిమిడి ప్రాంతమున వంగదేశీయ బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో బాప్తిస్మము పొందెను. ఆయనయు, పులిపాక జగన్నాథముగారు మొదలగు కవులును క్రైస్తవ సందేశమును తెలుగువారి కీర్తన మార్గమున నిలిపిరి. పల్లవి, చరణము, యతి, ప్రాస అన్నియు మన సంప్రదాయములోనివే. కీర్తనకు పైని రాగ తాళముల పేర్లును ముద్రింపబడియున్నవి. ఇది సామాన్యమైన మేలు కాదు. పాశ్చాత్య వరుసకు అనువదించిన పాటలలో ఊనిక ఒకచోట, తెలుగు దీర్ఘము మరియొకచోట పడుచుండును. ‘కలము’ అను మాట పాటలో సాగి ‘కాలము’గా వినబడుటకు అంతకన్న కారణ మక్కరలేదు. కీర్తనలో ఆ చిక్కు తక్కువ; మాట నడకయే పాట నడక.

ఇక లోపము. రాగ మేదో చెప్పిన ఈ గ్రంథము పాట ఎట్లు నడచునో చెప్పదు. మేము గుమాస్తా ఉద్యోగమున జీవితము గడపినవారము గనుక ఆ భాషలోనే చెప్పుదుము: ఇది పద్దు పేరు వ్రాసి అంకె వేయని జమాఖర్చు. ‘మోహన’ యనినచో తెలిసినవానికి ఐదు స్వరములు తోచును. కాని ఆ ఐదు స్వరములలో వందల వరుసలు కట్టవచ్చును. ఈ కీర్తనకు పెద్దలు పాడిన వరుస ఏది? పుస్తకము మౌనము వహించును. ఆ వరుస పెద్దల నోటనున్నంత కాలము ఈ లోపము బయటపడలేదు. ఇపుడు వారొక్కరొక్కరే వెళ్ళిపోవుచున్నారు. రెండు క్యాంపులవారు ఒకచోట కూడినపుడు ఒకే పల్లవి రెండు విధముల లేచుట మేమెరుగుదుము.

స్వరమును కాగితముపై పెట్టిన ప్రాణము పోవునని కొందరి వాదము. సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని దీనికి సమాధానము. తమిళ సీమలో తెలుగు లిపిని అచ్చయిన ఆ మహాగ్రంథము గమకములకు సైతము గురుతులు కల్పించి ముత్తుస్వామి దీక్షితుల కృతులను కాపాడినది. దాని వెలువడుటకు ప్రోత్సాహమిచ్చిన చిన్నస్వామి మొదలియారుగారు క్రైస్తవులు. అట్టి ఉదాహరణము కన్నులయెదుట నుండగా, సంఘమంతయు కూడి పాడు సులభమైన కీర్తనకు స్వరము వ్రాయుట అసాధ్యమనుట తగదు.

రెండవ లోపము మాటలకు సంబంధించినది. ‘అఘము’, ‘దురితము’, ‘నెనరు’ వంటి పదములు మా తరమునకే కొంత ఎడమైనవి. కన్నడ బడి బాలునికి అవి వట్టి చప్పుళ్లు. పుట అడుగున రెండు పంక్తుల అర్థమున్నచో పాడించువాడు తానెరిగి పాడించును. ఈ విషయమున పాండిత్యము లేకపోలేదు. భారతీయ సంగీతముపై పాప్లే దొరగారి గ్రంథము 1921లోను, తెలుగు కీర్తనలలోని భక్తితత్త్వముపై ఆర్. ఆర్. సుందరరావుగారి గ్రంథము 1983లోను వెలువడినవి. కాని రెండును ఇంగ్లీషున నున్నవి. క్యాంపులో పగలు పొలము పని చేసి, సాయంకాలము కీబోర్డు ముందు కూర్చుండు యువకునికి వానివలన కలుగు మేలు స్వల్పము.

అతనికి నేడు గురువు చేతిలోని ఫోను. యూట్యూబులో కీర్తనలు కొల్లలుగా దొరకును. మేము దానిని నిందింపము. దూరపు గొంతు దగ్గరయినది. అయినను ఆ పాటలలో అధికభాగము ఒక్క గాయకుని నేర్పును చూపుటకు కూర్చినవి. అతని శ్రుతి సంఘమునకు అందదు; నడుమనడుమ వాద్యముల విన్యాసమునకు సంఘము నోరు మూసికొని నిలువవలసివచ్చును. వినదగిన పాట వేరు, కలిసి పాడదగిన పాట వేరు. ఈ భేదమును నేర్పు పుస్తకము మనకు వలయును.

కీర్తనలను కన్నడ లిపిలో అచ్చువేయవలెనను సూచన మాలో కొంతకాలముగా నున్నది. ‘అట్లు చేసిన తెలుగు అక్షరమునకు మనమే సమాధి కట్టినట్లు’ అని పెద్దలు కొందరు బాధపడుదురు. ఆ బాధ న్యాయమైనదే. కాని అక్షరము రానివాడు కీర్తనను కూడ విడిచిన, మిగులున దేమి? ఎదురెదురు పుటలలో ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడము ఉంచవచ్చును. రెండు లిపులును అక్కచెల్లెండ్రు. కీర్తన కంఠస్థమైన బాలుడు ఎదుటి పుటలోని తెలుగును తనంతట గుర్తుపట్టును. ఒక జాగ్రత్త మాత్రము అవసరము. ‘చాలు’, ‘చల్లని’, ‘జాలి’ అను మాటలలో తెలుగు నాలుక పలుకు దంత్యధ్వని కన్నడ చకార జకారములకు లేదు. దానికొక చుక్కయో గీతయో గురుతుగా పెట్టనిచో మాట మన ఇంటిది కాకుండ పోవును.

ఒక్కసారి గ్రంథమంతయు తిరుగ వ్రాయనక్కరలేదు. మన సంఘములు ఎక్కువగా పాడు ఏబది కీర్తనలను ఎన్నుకొని, వృద్ధులచేత పాడించి, వరుసను స్వరపరచి, కఠినపదములకు అర్థము చేర్చిన చాలును. వంగదేశీయుల యింట పుట్టిన పురుషోత్తమ చౌదరిగారు తెలుగును తన భక్తికి భాషగా చేసికొనిరి. తెలుగువారి యింట పుట్టి పరరాష్ట్రమున పెరుగు మన పిల్లలకు ఆ కీర్తనలు మూగవగుట న్యాయము కాదు. గ్రంథము గొప్పది, అందులో వ్రాయక విడిచిన భాగము ఇంకను కొందరి కంఠములలో నున్నది. ఆ కంఠములు పలుకుచుండగనే దానిని వ్రాసికొనుట మన సంఘముల తక్షణ కర్తవ్యము.