రోడ్డెక్కే పడవ

పడమటి ప్రకాశంలో కూర్చుని పందెం పడవల గురించి రాస్తానంటే మా చంద్రశేఖరపురంలో నవ్వుతారు. సముద్రం చూడాలంటే కనిగిరి మీదుగా ఒంగోలు దాటి పోవాలి. మాకు నీళ్లంటే భైరవకోన జలపాతం, పామూరు దగ్గర మోపాడు చెరువు, ఉత్తరాన ఇంకాస్త దూరంలో కంభం చెరువు. అవన్నీ వానదేవుడి దయ. అయినా ఈ తెరచాప పడవల సంగతి చదివేకొద్దీ నాకు తోచిందేమిటంటే, వాటి డిజైన్‌లో సగం మనలాంటి మెట్ట ఊళ్లకే పనికొస్తుంది. ఎందుకంటే ఆ పడవ రోడ్డు మీద పోవడానికి పుట్టింది.

మావైపు నుంచి పనులకు హైదరాబాద్ వెళ్లినవాళ్లు ట్యాంక్‌బండ్ మీద నిలబడి హుస్సేన్‌సాగర్‌లో తెల్ల తెరచాపలు చూసే ఉంటారు. జూలైలో నైరుతి గాలి తగులుకున్నాక అక్కడ సెయిలింగ్ వీక్ పోటీలు పెడతారు. నాకు మాత్రం నీళ్ల మీద పరుగెత్తే పడవ కన్నా ఒడ్డున విప్పి పెట్టిన పడవను చూడటమే ఇష్టం. దాని గుట్టంతా అప్పుడే బయటపడుతుంది.

లేజర్ పడవనే తీసుకోండి. తెరచాప కట్టే స్తంభం రెండు ముక్కలు. ఒకదాన్లో ఒకటి దూర్చి, తెరచాప అంచున కుట్టిన పొడవాటి తొడుగులోకి దించేస్తారు. స్తంభాన్ని నిలబెట్టి కట్టే తీగలేమీ ఉండవు. విప్పితే అంతా ఒక కట్ట. ఇలా ఎందుకు చేశారంటే, 1969లో ఇయన్ బ్రూస్ అనే డిజైనర్ పడవల రూపకర్త బ్రూస్ కర్బీకి ఫోన్ చేసి, కారు పైకప్పు మీద వేసుకుని పోయే పడవ కావాలని అడిగాడు. కర్బీ ఫోన్‌లో మాట్లాడుతూనే కాగితం మీద బొమ్మ గీశాడట. పొడవు 4.23 మీటర్లు, పడవ బరువు 59 కిలోలు. సిమెంటు బస్తా మోసినవాళ్లకు ఆ బరువేమిటో చెప్పక్కర్లేదు. 1996లో అదే పడవ ఒలింపిక్స్‌కు ఎక్కింది.

పెద్ద పందెం పడవల అడుగున సీసం బరువు వేలాడుతుంది, గాలి తోస్తే బోల్తా పడకుండా. అంత బరువును కారు వెనక ఎవరు లాక్కుపోతారు? అందుకని చిన్న పడవలో సీసం పని మనిషికి అప్పజెప్పారు. కాళ్లు పట్టీ కింద ఇరికించి, నడుము నుంచి పైభాగం నీళ్ల మీదకి వాల్చి, తొడలు వణుకుతున్నా అలాగే ఉండాలి. బరువు ఇంటి నుంచి తానే నడిచొస్తుందన్నమాట. ఇంతకన్నా తెలివైన పొదుపు నేనెక్కడా చూడలేదు. ఇక పక్కకు కొట్టుకుపోకుండా అడుగున దించే పలక ఉంటుంది. ఒడ్డు దగ్గర పడగానే పైకి లాగేస్తే చాలు, మోకాలిలోతు నీళ్లలోకీ పడవ వచ్చేస్తుంది. చెరువులకు కావలసింది సరిగ్గా ఇదే.

బక్కపలచని పిల్లలకు వేరే పడవ కూడా అక్కర్లేదు. అదే పడవకు స్తంభం కింది ముక్క మార్చి, చిన్న తెరచాప కడతారు. అలాంటి చిన్న తెరచాపతోనే 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్ రజతం గెలిచింది. ఆమెది సముద్రం లేని మధ్యప్రదేశ్. అదే క్రీడల్లో ఇద్దరు నడిపే 470 పడవలో దిగిన కొంగర ప్రీతి మన తెలంగాణ అమ్మాయి, హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్నది.

నన్నడిగితే మాత్రం లేజర్ కన్నా ఆప్టిమిస్ట్ గొప్పది. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం చేశాడు. ఎనిమిది అడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ షీట్లు రెండింటిలో పని తేలాలని షరతు. మన టింబర్ డిపోల్లో దొరికేదీ ఆ కొలతే. కోసుగా ముక్కు పెడితే షీటు చాలదు కాబట్టి ముందుభాగం మొండిగా నరికేశాడు. చూడ్డానికి అందం లేదు, నిజమే. కానీ తెరచాప కట్టే కర్రలన్నీ పొట్టివి, పడవతో పాటే మోసుకుపోవచ్చు. బరువు 35 కిలోలు. ఇద్దరు పిల్లలు చెరో పక్క పట్టుకుంటే కదులుతుంది.

ఇక పడవల్ని కారు వెనక లాక్కుపోయే ట్రైలర్ సంగతి ఎద్దులబండి తోలినవాళ్లకు వేరే చెప్పాలా? కాడి మీద బరువు మరీ ఎక్కువైతే ఎద్దు మెడ పుండవుతుంది, వెనక్కి ఒరిగితే కాడి గాల్లోకి లేస్తుంది. పడవ ట్రైలర్‌కూ ఇరుసు ముందు కాస్త మొగ్గు ఉండాలి. వెనక బరువైతే రోడ్డు మీద తోకాడిస్తుంది.

ఇదంతా రాయడంలో నాకో స్వార్థం ఉంది. గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ కట్ట వేసి విజయనగర కాలంలో కట్టిన కంభం చెరువు నిండితే 7 కిలోమీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. బోర్డు పెట్టుకున్నాం, ఫొటోలు దిగుతున్నాం. అంత నీటి మీద ఒక్క తెరచాప లేదు. హైదరాబాద్ సెయిలింగ్ క్లబ్బుల పెద్దలకు నా విన్నపం: చెరువు నిండిన ఏడాది, జలవనరుల శాఖ అనుమతి తీసుకుని, నాలుగు ఆప్టిమిస్ట్‌లు ట్రైలర్ మీద వేసుకుని నాగార్జునసాగర్, మాచర్ల, మార్కాపురం మీదుగా రండి. లైఫ్ జాకెట్లు, ఈత వచ్చిన శిక్షకులు మీవి. పిల్లల్ని పోగేసే పూచీ మాది, మధ్యాహ్నం భోజనాలు కూడా.