నల్లగొండ నీళ్లలో నలుపు తెలుపు

డి-76 డెవలపర్ లెక్కలన్నీ 20 డిగ్రీల నీళ్లకు కట్టినవి. మే నెలలో మహబూబ్‌నగర్‌లో మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నల్లా నీళ్లలో వేలు పెట్టలేం. బ్లాక్ అండ్ వైట్ రీలు ఇంట్లో కడగడం కష్టమేమీ కాదు. మన పాలమూరు, నల్లగొండల్లో అసలు పనితనమంతా ఆ వేడిని, ఈ నీళ్లను దారికి తెచ్చుకోవడంలోనే ఉంది.

ఫిల్ము మీది జిలటిన్ పూతలో వెండి లవణాల రేణువులు ఉంటాయి. వెలుగు తగిలిన రేణువులను డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది, తగలనివాటిని హైపో కరిగించి తీసేస్తుంది. డి-76ను కొడాక్ వాళ్లు 1920ల్లోనే తయారుచేశారు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2 గ్రాములు. ఇప్పటికీ దాన్ని మించింది వెతుక్కోవాల్సిన అవసరం పెద్దగా కనిపించదు.

వేడి పెరిగితే ఈ మందు దూకుడు పెంచుతుంది. డిగ్రీకి సుమారు పదో వంతు సమయం తగ్గించాలి. సమానంగా నీళ్లు కలిపిన డి-76లో ఒక రీలుకు 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పడితే, 24 దగ్గర దాదాపు 9 చాలు. అయిదు నిమిషాల కన్నా తగ్గితే మాత్రం రీలంతా ఒకేలా రాదు, ఒకచోట ముదురు, ఒకచోట లేత. అందుకే మన ఎండలకు మందును నీళ్లు కలపకుండా వాడకూడదంటాను. పలచబడితే సమయం చేతిలో ఉంటుంది. ఇక చల్లబరచడానికి ఫ్రిజ్ కన్నా రంజన్ మేలు. ఇక్కడి గాలి పొడిది కాబట్టి మట్టికుండ చెమర్చి నీళ్లను బాగా చల్లబరుస్తుంది. ఉక్కపోసే కోస్తాలో ఆ సుఖం లేదు. డెవలపర్, హైపో, కడిగే నీళ్లు మూడూ ఒకే వేడిలో ఉండాలి. చల్లటి మందులోంచి తీసి వేడినీళ్లలో ముంచితే జిలటిన్ ముడతలు పడుతుంది, ఆ ముడతలను ఎవరూ సరిచేయలేరు.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. నల్లగొండ అనగానే గుర్తొచ్చేది ఫ్లోరైడ్. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందిస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. చిత్రమేమిటంటే పాత ఫొటోగ్రాఫర్ల హైపోలోనూ పటిక ఉండేది. వేడికి మెత్తబడే జిలటిన్‌ను అది గట్టిపరుస్తుంది. కానీ పటిక పడిన రీలును చాలాసేపు కడగాలి. బిందెడు నీళ్లకు ఇబ్బందిపడే ఊళ్లో అది దుబారా. ఇప్పటి ఫిల్ములు ఫ్యాక్టరీలోనే గట్టిపడి వస్తున్నాయి కాబట్టి పటిక మానేయవచ్చు. అప్పుడు ఫిల్ము కంపెనీ ఇల్‌ఫోర్డ్ చెప్పే పొదుపు పద్ధతి పనికొస్తుంది: రీలు ఉన్న డెవలపింగ్ ట్యాంకు నింపి 5 సార్లు తిరగేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. మూడు ట్యాంకుల నీళ్లతో కడగడం పూర్తి. చివరిసారి ముంచడానికి మాత్రం బోరు నీళ్లు వద్దు. ఆరాక అందులోని ఉప్పులు తెల్లమచ్చలై ఆకాశం మీదే తేలతాయి. ఫిల్టర్ ప్లాంటు క్యాన్ నీళ్లు లీటరు చాలు.

చీకటి గురించి సినిమాలు తప్పు నేర్పాయి. ఎర్రబల్బు కాగితం మీద ప్రింట్ వేసేటప్పుడు మాత్రమే. మామూలు ఫిల్ముకు ఎర్రవెలుగు కూడా శత్రువే. కిటికీకి గొంగడి రెండు మడతలు వేసి కట్టి, అయిదు నిమిషాలు కూర్చోండి. చేతివేళ్లు లీలగానైనా కనిపిస్తే ఆ గది పనికిరాదు. రీలును స్పైరల్‌కు ఎక్కించి ట్యాంకు మూత పెట్టేదాకే ఈ చీకటి. తర్వాత వాకిట్లో కూర్చుని మందులు పోసుకోవచ్చు.

మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరో నిజాం కొలువులోనే రాజా దీన్‌దయాళ్ ఫొటోగ్రాఫర్‌గా ఉన్నాడు. ఆయన కాలంలో గాజుపలకలు. తర్వాత ఫిల్ము వచ్చింది, ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో మన రీళ్లే తయారుచేసింది, ఆ కంపెనీ మూతపడింది కూడా. నెగెటివ్‌లు మాత్రం నిలిచాయి, నాగార్జునకొండే సాక్ష్యం. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయను తవ్వారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించారు, లోయ నాగార్జునసాగర్ నీళ్లలో మునిగింది. తవ్విన చోట తవ్వినట్టుగా ఆ లోయను చూడాలంటే పురావస్తు శాఖ నివేదికల్లోని నలుపు తెలుపు ఫొటోలే దిక్కు. సరిగా కడిగిన వెండి అంతకాలం ఉంటుంది. హైపో మిగిలిపోయిన రీలు ఏళ్లు గడిచేకొద్దీ పసుపుబారుతుంది, కాబట్టి తొందరపడి కడగడం తగ్గించకండి.

హైపోలో బలం ఉందో లేదో తెలుసుకోవడానికి రీలు కొసముక్క ఒకటి అందులో వేసి చూడండి. పాలరంగు పోయి తేటపడటానికి ఎంతసేపు పట్టిందో దానికి రెట్టింపు సేపు రీలును ఉంచాలి. వాడేసిన హైపోలో వెండి ఉంటుంది, బావి దగ్గర, చేలో పారబోయకండి. ఒకప్పుడు స్టూడియోల నుంచి దాన్ని కొనుక్కుని వెండి తీసేవాళ్లుండేవారు.

ఆరబెట్టడానికి స్నానాలగది మేలు. ముందు నేల మీద నీళ్లు చల్లితే ఎర్రమట్టి దుమ్ము అణుగుతుంది. మొదటిసారి కడిగేవాళ్లు సంక్రాంతి రోజుల్లో మొదలుపెడితే నీళ్లు వాటంతటవే 20 డిగ్రీల దగ్గరికి వస్తాయి. మొదటి రీలులో మాత్రం ఎవరి పెళ్లీ పెట్టుకోకండి. గోడలు, మేకలు, మీ వీధి చాలు.