కేలండరు బొమ్మ

చలికాలంలో ఎండ కాసిన రోజున పాయింట్ లోబోస్‌కి వెళ్ళని బే ఏరియా తెలుగువాళ్ళు తక్కువ. వేసవిలో తరచూ పొగమంచు కమ్ముకునే ఆ తీరం డిసెంబరులో తేటపడుతుంది. మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కనక ప్రతి రాయికీ పొడుగాటి నీడ. నేనూ వందల ఫొటోలు తీశాను. ఒకటి నాన్నకి పంపితే, "కేలండరు బొమ్మలా ఉందిరా" అన్నారు. చాలాకాలం అది మెచ్చుకోలే అనుకున్నాను.

ఎడ్వర్డ్ వెస్టన్ 1929 నుంచి 1948 దాకా ఇక్కడ ఫొటోలు తీశాడు. వాటిలో పేరుపొందినవి చాలావరకు సముద్రపు విశాల దృశ్యాలు కావు. సైప్రెస్ వేళ్ళు, ఒడ్డున పడ్డ నాచు, రాతి పొరలు. 8×10 అంగుళాల నెగటివ్‌ని పెంచకుండా అదే సైజులో ముద్రించేవాడు. 1932లో ఆయనా, ఆన్సెల్ ఆడమ్స్ తదితరులూ కలిసి పెట్టుకున్న బృందం పేరే ఎఫ్/64. అది అతి చిన్న ఎపర్చరు. దాంతో తీస్తే ముందున్న గులకరాయి, వెనకున్న బండ రెండూ సమానంగా స్పష్టం. పార్కిన్సన్స్ జబ్బుతో 1948లో తీసిన ఆఖరి ఫొటో కూడా ఇక్కడి రాళ్ళదే. ఇరవయ్యేళ్ళు చూసినా ఆయనకి ఆ రాళ్ళు పాతబడలేదు.

లోటు లేకపోలేదు. వేలర్స్ కోవ్‌లో 1850లలో చైనా జాలరులు కట్టుకున్న చెక్క గుడిసె ఇప్పటికీ ఉంది. నేను చూసిన వెస్టన్ చిత్రాల్లో వాళ్ళ జాడ లేదు. వలస వచ్చినవాడి కంటికి ఆ ఖాళీ గుచ్చుకుంటుంది.

అయితే ఆయన్ని అనేముందు మన కథలు చూసుకోవాలి. మనవాళ్ళు రాసే మంచూ, మేపుల్ ఆకులూ ఒక కథలోంచి తీసి ఇంకో కథలో పెట్టినా అతికిపోతాయి. ఊళ్ళో వేపచెట్టుకైతే కొమ్మకొమ్మకీ కథ ఉంటుంది. ఇక్కడి చెట్టుకి ఉన్నదల్లా రంగే. మాంటెరీ సైప్రెస్ సహజంగా పెరిగే తోపులు ప్రపంచంలో రెండే రెండు, అందులో ఒకటి పాయింట్ లోబోస్‌లోనే ఉంది. నా ఫొటోలో అది ఉత్త చెట్టు. పాతికేళ్ళుగా ఇక్కడుంటూ ఇంకా చూడ్డానికొచ్చినవాళ్ళలాగే రాస్తున్నామేమో అని నా అనుమానం.

మొన్న జనవరిలో వెళ్ళినప్పుడు సముద్రం జోలికి పోలేదు. ఆ గుడిసె నేలకి ఆధారంగా పెట్టిన తిమింగిలం వెన్నుపూసల్ని తీసి నాన్నకి పంపాను. "ఇవేం ఎముకలురా? అక్కడెవరుండేవారు?" అని అడిగారు. ఆ రోజు ఫోను అరగంట దాటింది.